కోర్టుకు వెళ్లలేం, అడిగేవాళ్లూ లేరు: బ్రిటన్‌లో పోస్టల్ వినియోగదారుల సంస్థ ఎలా పుట్టింది, ఎలా కనుమరుగైంది

2008 అక్టోబర్ 1న బ్రిటన్‌లో పోస్ట్‌వాచ్ అనే సంస్థ రద్దయింది. పోస్టు సేవలు వాడుకునే మామూలు జనం తరఫున మాట్లాడటమే దాని పని. అప్పటికి దాని వయసు ఎనిమిదేళ్లు కూడా లేదు. అది రద్దయ్యే సమయానికి దేశమంతటా సుమారు 2,500 పోస్టాఫీసులను మూసేసే కార్యక్రమం ఇంకా పూర్తి కాలేదు. ఊళ్లలో జనం రోడ్ల మీదికి వచ్చి మా పోస్టాఫీసు తీసేయొద్దని గొడవ చేస్తున్న రోజుల్లోనే, వాళ్ల మాటను పైకి చేర్చాల్సిన సంస్థను మరో పెద్ద సంస్థలో కలిపేశారు.

ప్రభుత్వ సంస్థలు పుడుతుంటాయి, విలీనమవుతుంటాయి, ఇందులో అంత పట్టించుకోవాల్సింది ఏముంది అనిపించవచ్చు. నా అభిప్రాయం వేరు. పోస్టు విషయంలో వినియోగదారుల సంస్థ అనేది ప్రభుత్వం దయతో ఇచ్చిన అదనపు సౌకర్యం కాదు. పౌరుల దగ్గర నుంచి తీసుకున్న ఒక హక్కుకు బదులుగా ఇచ్చిన పరిహారం. ఆ హక్కును ఎప్పుడు తీసుకున్నారో తెలియకపోతే పోస్ట్‌వాచ్ ఎందుకు అవసరమైందో, అది పోవడం వల్ల ఏం పోయిందో అర్థం కాదు. మన దేశంలో ఆ హక్కు తీసేసుకుని బదులుగా ఏమీ ఇవ్వలేదన్న సంగతి కూడా అర్థం కాదు.

1701లో లండన్‌లో ఒక కేసు నడిచింది. పోస్టాఫీసుకు అప్పగించిన ఉత్తరంలోని ప్రభుత్వ ఖజానా పత్రాలు దారిలో పోయాయి. పోగొట్టుకున్న వ్యక్తి పోస్ట్‌మాస్టర్ జనరళ్ల మీద దావా వేశాడు. న్యాయమూర్తుల్లో ఎక్కువమంది, పోస్టు నడిపేది ప్రభుత్వం, పై అధికారి దీనికి బాధ్యుడు కాడు అన్నారు. ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఒక్కరే ఒప్పుకోలేదు. డబ్బు తీసుకుని పని చేసేవాడు ఆ పనికి బాధ్యత వహించాల్సిందే అన్నది ఆయన వాదం. 1778లో ఇలాంటి కేసే మళ్లీ వచ్చింది. ఉత్తరంలోంచి పోస్టు ఉద్యోగి ఒకడు బ్యాంకు నోటు కాజేశాడు. ఈసారి తీర్పు చెప్పింది లార్డ్ మాన్స్‌ఫీల్డ్. సరుకులు మోసే వ్యాపారిని చూసినట్టు పోస్టాఫీసును చూడలేమని, ఉత్తరం పంపినవాడికీ పోస్టాఫీసుకూ మధ్య ఒప్పందం అనేదే లేదని ఆయన తేల్చేశారు. 1957లో ట్రైఫస్ కంపెనీ పంపిన వజ్రాల ప్యాకెట్లు పోయిన కేసులోనూ కోర్టు అదే మాట చెప్పింది.

దీని అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి. స్టాంపు కొంటాం, డబ్బు కడతాం, రసీదు కూడా తీసుకుంటాం. అయినా చట్టం కంటికి అది ఒప్పందం కాదు. దర్జీ బట్ట పాడుచేస్తే అడగొచ్చు, లారీవాడు సామాను పగలగొడితే అడగొచ్చు. పోస్టులో ఉత్తరం పోతే మాత్రం కోర్టుకు వెళ్లే దారి లేదు. దీనికి ప్రభుత్వం చెప్పే కారణంలో కొంత నిజం లేకపోలేదు. కొద్దిపాటి పెన్నీలకు దేశంలో ఏ మూలకైనా ఉత్తరం చేర్చే సంస్థ, పోయిన ప్రతి ఉత్తరానికీ అందులోని వస్తువు విలువ కట్టి ఇవ్వాల్సి వస్తే ఆ ధరకు నడవలేదు. అది సరే. కానీ కోర్టును ఆశ్రయించే హక్కు తీసేసినప్పుడు, జవాబు చెప్పించే వేరే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి కదా.

వినియోగదారులు కలిసికట్టుగా పోరాడితే పోస్టు మారుతుందని బ్రిటన్‌కు కొత్తగా తెలియలేదు. 1840లో వచ్చిన పెన్నీ పోస్టు, అంటే దేశంలో ఎక్కడికైనా ఒక్క పెన్నీకే ఉత్తరం చేర్చే పద్ధతి వెనక రోలండ్ హిల్ పేరు అందరికీ తెలుసు. ఆయన ప్రణాళికను పార్లమెంటు దాకా మోసినవాళ్లు లండన్ వర్తకులు. 1838లో వాళ్లు కమిటీగా ఏర్పడి, హెన్రీ కోల్‌ను కార్యదర్శిగా పెట్టుకుని, పిటిషన్లు పోగేసి, కరపత్రాలు పంచి ఒత్తిడి తెచ్చారు. అయితే అది ఒక గెలుపు కోసం పుట్టిన కమిటీ. పని అయిపోయాక అదీ లేదు. ఆ తర్వాత 130 ఏళ్ల పాటు పోస్టాఫీసు ప్రభుత్వ శాఖగానే నడిచింది. జనం కష్టం పార్లమెంటు సభ్యుడు సభలో లేవనెత్తితే సంబంధిత మంత్రి లేచి జవాబు చెప్పేవారు. ఉత్తరం ఆలస్యమైనా సభలో ప్రశ్న అడగొచ్చు. అదే అప్పటి కావలి.

1969లో ఆ ఏర్పాటు మారింది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పోస్టాఫీసు ప్రభుత్వ శాఖ కాదు, ప్రభుత్వ కార్పొరేషన్. రోజువారీ వ్యవహారాలకు మంత్రి జవాబుదారీ కాకుండా పోయారు. అదే చట్టం పోస్టుకున్న పాత రక్షణను మాత్రం భద్రంగా కొనసాగించింది. మామూలు ఉత్తరం పోయినా, ఆలస్యమైనా కార్పొరేషన్ మీద దావా వేయలేరు. అంటే శాఖకు ఉన్న రక్షణ కార్పొరేషన్‌కు వచ్చింది, శాఖకు ఉన్న జవాబుదారీతనం రాలేదు. ఆ లోటు పూడ్చడానికే అదే చట్టంలో పోస్టాఫీసు వినియోగదారుల జాతీయ మండలిని పెట్టారు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు విడి మండళ్లు వచ్చాయి. కార్పొరేషన్ ఏదైనా పెద్ద మార్పు చేయాలనుకుంటే ముందుగా ఈ మండలికి చెప్పి అభిప్రాయం తీసుకోవాలని చట్టంలో రాశారు. నా దృష్టిలో ఈ ఒక్క వాక్యం చాలా విలువైనది. మార్పు జరిగాక ఫిర్యాదు చేయడం వేరు, జరగకముందే మమ్మల్ని అడగండి అనే హక్కు ఉండటం వేరు.

మండలికి అడిగే హక్కు ఉంది గానీ ఆపే అధికారం లేదు. 1971 జనవరి, మార్చి మధ్య పోస్టు కార్మికులు ఏడు వారాల పాటు సమ్మె చేసినప్పుడు అది చూస్తూ ఉండటం తప్ప చేయగలిగింది లేదు. 1975లో ధరలు మండిపోతున్న రోజుల్లో మొదటి తరగతి స్టాంపు (త్వరగా చేరాల్సిన ఉత్తరాలకు వేసేది) మార్చిలో నాలుగున్నర పెన్నీల నుంచి 7 పెన్నీలకు, సెప్టెంబర్‌లో ఎనిమిదిన్నర పెన్నీలకు పెరిగింది. ఆరు నెలల్లో దాదాపు రెట్టింపు. మండలి అభిప్రాయం చెప్పగలదు, ధర పెరగకుండా ఆపలేదు. అప్పట్లో టెలిఫోన్లు కూడా పోస్టాఫీసువే కాబట్టి ఫోన్ కనెక్షన్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ల గోడు కూడా దీని పరిధిలోకే వచ్చేది. 1981లో టెలికాం విడిపోయింది. 1984లో దానికి సొంత నియంత్రణ సంస్థ వచ్చింది. పోస్టుకు మాత్రం అలాంటిది రావడానికి ఇంకో పదహారేళ్లు పట్టింది.

పోస్ట్‌వాచ్ రోజులు

2000లో వచ్చిన పోస్టల్ సేవల చట్టం రెండు సంస్థలను పుట్టించింది. ఒకటి పోస్ట్‌కామ్. లైసెన్సులు ఇవ్వడం, ధరలకు పరిమితి పెట్టడం, తప్పు చేస్తే జరిమానా వేయడం దాని పని. రెండోది పాత మండలి స్థానంలో వచ్చిన పోస్ట్‌వాచ్, అంటే వినియోగదారుల సంస్థ. ఈ రెంటినీ విడిగా ఉంచడం తెలివైన పని. నియంత్రణ సంస్థ అన్ని పక్షాల మాటా వినాలి. కంపెనీ దివాళా తీయకుండా చూడాలి, పోటీ రానివ్వాలి, కార్మికుల గురించి ఆలోచించాలి, వినియోగదారుణ్నీ చూడాలి. ఇన్ని చూసే సంస్థ ఎప్పుడూ మధ్యేమార్గం వెతుకుతుంది. వినియోగదారుల సంస్థకు ఆ ఇబ్బంది లేదు. అది ఒకే పక్షం తరఫున మాట్లాడుతుంది. అవసరమైతే నియంత్రణ సంస్థను కూడా తప్పుపడుతుంది. పోస్ట్‌వాచ్ ఆ పని చేసింది కూడా.

పీటర్ కార్ దాని మొదటి అధ్యక్షుడు. ప్రాంతాల వారీగా కమిటీలు ఉండేవి. పోస్టు నడిపే ప్రభుత్వ కంపెనీ రాయల్ మెయిల్ నుంచి సమాచారం అడిగి తీసుకునే హక్కును చట్టం ఇచ్చింది. కంపెనీ దగ్గర న్యాయం జరగని ఫిర్యాదులు వేల సంఖ్యలో దీని దగ్గరికి వచ్చేవి. ఒక్కో ఫిర్యాదు చిన్నదే. పుట్టినరోజు కార్డు రాలేదు, పాస్‌పోర్టు దారిలో పోయింది, చెక్కు వేరేవాళ్ల ఇంట్లో పడింది. ఇవన్నీ ఒకచోట చేరినప్పుడు మాత్రం ఏ డిపోలో ఏం జరుగుతోందో, ఏ పట్టణంలో దొంగతనాలు ఎక్కువగా ఉన్నాయో తెలుస్తుంది. ఈ సంగతి తర్వాత మళ్లీ ప్రస్తావిస్తాను.

ఆ రోజుల్లో రాయల్ మెయిల్ పరిస్థితి ఏమీ బాగోలేదు. 2001లో పేరు కన్సిగ్నియా అని మార్చుకుంది. జనం ఏవగించుకోవడంతో మరుసటి ఏడాదే ఆ పేరు వదిలేసుకుంది. రోజుకు రెండో బట్వాడా ఎత్తేసింది. 2003-04లో తనకు పెట్టిన 15 సేవా లక్ష్యాల్లో ఒక్కటి కూడా అందుకోలేకపోయింది. పోయినవి, దొంగిలించినవి, పాడైనవి కలిపి ఏడాదిలో కోటీ 40 లక్షలకు పైగా ఉత్తరాలు అని లెక్క తేలింది. 2006లో పోస్ట్‌కామ్ రాయల్ మెయిల్‌కు కోటి పౌండ్లకు దగ్గరగా జరిమానా వేసింది. ఉత్తరాల భద్రత మీద శ్రద్ధ పెట్టలేదన్నది అభియోగం. కోర్టుకు వెళ్లే దారి లేని చోట, 1701లో హోల్ట్ అడిగిన బాధ్యతను కొంతవరకైనా మోపింది ఈ రెండు సంస్థల జంటే అంటాను నేను.

పోస్ట్‌వాచ్‌కు అసలు పరీక్ష పోస్టాఫీసుల మూసివేత దగ్గర వచ్చింది. మొదట పట్టణాల్లో సుమారు 2,500 మూసేశారు. ఆ తర్వాత 2007లో మరో 2,500 వరకు మూసేసే కార్యక్రమం పెట్టారు. ప్రతి ప్రాంతానికీ ఆరు వారాలు గడువు ఇచ్చి అభిప్రాయాలు అడిగారు. పోస్ట్‌వాచ్ మనుషులు ఊళ్లకు వెళ్లి, బస్సు ఎప్పుడు వస్తుంది, పక్క పోస్టాఫీసుకు వెళ్లే దారిలో ఎత్తు ఎంత, పింఛను తీసుకునే ముసలివాళ్లు నడవగలరా అని చూసి అభ్యంతరాలు రాసేవాళ్లు. కొన్ని చోట్ల నిర్ణయం మారింది. ఎక్కువ చోట్ల మారలేదు, ఎందుకంటే మొత్తం ఎన్ని మూయాలో ప్రభుత్వం ముందే నిర్ణయించింది. ఒక పోస్టాఫీసును కాపాడితే దాని బదులు పక్క ఊరిది పోయే ప్రమాదం ఉండేది. చివరి మాట కంపెనీదే. వీధుల్లో బ్యానర్లు పట్టుకున్న జనానికి పోస్ట్‌వాచ్ కంపెనీకి వంతపాడుతున్నట్టు కనిపించింది. అంకె ముందే ఖాయం చేసి, ఏవి అన్నది మాత్రమే చర్చకు పెట్టిన సంప్రదింపుల్లో భాగమైతే ఏ వినియోగదారుల సంస్థకైనా ఆ అపవాదు తప్పదు. పోస్ట్‌వాచ్ ఆ పాత్రకు ఒప్పుకోకుండా మరింత గట్టిగా నిలబడాల్సిందని నాకు అనిపిస్తుంది.

కలిపేస్తూ పోయారు

2007లో వచ్చిన చట్టం పోస్ట్‌వాచ్‌ను, విద్యుత్తు, గ్యాస్ వినియోగదారుల సంస్థను, జాతీయ వినియోగదారుల మండలిని కలిపి కన్స్యూమర్ ఫోకస్ అనే ఒకే సంస్థ చేసింది. ప్రభుత్వం వాదన వినడానికి బాగుంటుంది. మామూలు మనిషికి కరెంటు బిల్లుకు ఒక సంస్థ, ఉత్తరానికి ఒక సంస్థ ఎందుకు, ఒకే బలమైన సంస్థ ఉంటే మేలు కదా అన్నారు. ఒక్కొక్కరి ఫిర్యాదుల పరిష్కారం కొత్తగా పెట్టిన వివాద పరిష్కార పథకానికి వెళ్లింది. దాని ఖర్చు భరించేది పోస్టు కంపెనీలే.

నేను పైన చెప్పిన విషయం ఇక్కడ చూడండి. ఫిర్యాదు వినే పని ఒకరిది, విధానం గురించి మాట్లాడే పని వేరొకరిది అయ్యాక, ఆ చిన్న ఫిర్యాదులన్నీ ఒకే బల్ల మీద చేరడం ఆగిపోయింది. పరిష్కార పథకం ఒక్కో కేసును విడిగా చూసి ముగిస్తుంది. విధానం రాసేవాళ్లు సర్వేలు చేయించుకుంటారు. ఫలానా డిపోలో మూడు నెలలుగా ఏదో తేడాగా ఉంది అని రోజూ ఫోన్లు ఎత్తేవాళ్లకు తెలిసే సంగతి మధ్యలోనే జారిపోతుంది.

విలీనం అక్కడితో ఆగలేదు. రెండేళ్లకే, 2010 అక్టోబర్‌లో కొత్త ప్రభుత్వం ఖర్చు తగ్గింపులో భాగంగా కన్స్యూమర్ ఫోకస్‌నూ రద్దు చేస్తామంది. 2013లో పేరు కన్స్యూమర్ ఫ్యూచర్స్‌గా మారింది. 2014 ఏప్రిల్‌లో సిటిజన్స్ అడ్వైస్ అనే స్వచ్ఛంద సంస్థలోకి వెళ్లింది. ఈలోగా 2011లో పోస్ట్‌కామ్‌ను కూడా ఎత్తేసి టీవీ, రేడియో, టెలికాం చూసే ఆఫ్‌కామ్‌కు పోస్టును అప్పగించారు. 2022 నుంచి స్కాట్లండ్‌కు కన్స్యూమర్ స్కాట్లండ్ అనే విడి సంస్థ వచ్చింది. ఉత్తర ఐర్లండ్‌కు వేరే మండలి ఉంది. ఇవాళ లండన్‌లో ఉండే ఒక సామాన్యుడిని, ఉత్తరం రాకపోతే నీ తరఫున చట్టబద్ధంగా మాట్లాడేది ఎవరు అని అడిగితే చెప్పగలడా అన్నది నా సందేహం.

సిటిజన్స్ అడ్వైస్ మంచి సంస్థ. పోస్టు మీద చక్కని నివేదికలు రాస్తోంది, ఆఫ్‌కామ్‌ను గట్టిగానే నిలదీస్తోంది. కానీ ఇంటి అద్దెలు, అప్పులు, ప్రభుత్వ భత్యాలు, కరెంటు బిల్లులు అన్నీ చూసే చోట పోస్టు ఒక మూల టేబుల్. దానికి ఉన్న అధికారమూ మాట్లాడటమే.

ఆ తర్వాత ఏం జరిగిందో అంకెలే చెబుతాయి. 2012లో మొదటి తరగతి స్టాంపు ధర మీద ఉన్న పరిమితిని ఆఫ్‌కామ్ ఎత్తేసింది. ఆ ఏప్రిల్‌లోనే ధర 46 పెన్నీల నుంచి 60 పెన్నీలకు ఎగబాకింది. 2013లో రాయల్ మెయిల్ ప్రైవేటుపరమైంది. 2025 ఏప్రిల్ నాటికి స్టాంపు ధర పౌండు 70 పెన్నీలు. ఇక సేవ సంగతి చూస్తే, మొదటి తరగతి ఉత్తరాల్లో 93 శాతం మరుసటి పనిదినం చేరాలన్నది లక్ష్యం. 2022-23లో చేరింది 73.7 శాతం. తర్వాతి ఏడాది 74.7. ఆ తర్వాత 77. అంటే ఎక్కువ డబ్బు పెట్టి మొదటి తరగతి స్టాంపు అంటించిన ప్రతి నాలుగు ఉత్తరాల్లో ఒకటి ఆలస్యం. ఆఫ్‌కామ్ వరుసగా 56 లక్షల పౌండ్లు, కోటీ 5 లక్షల పౌండ్లు, 2 కోట్ల 10 లక్షల పౌండ్లు జరిమానా వేసింది. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. ఆపరేషన్ తేదీ చెప్పే ఆసుపత్రి ఉత్తరం ఆలస్యంగా అందిన మనిషికి అందులోంచి ఒక్క పెన్నీ రాదు. దావా వేయడానికీ లేదు, పాత రక్షణ 2000 నాటి చట్టంలో కూడా కొనసాగింది.

2025 జులైలో ఆఫ్‌కామ్ ఆ లక్ష్యాన్నే 93 నుంచి 90 శాతానికి తగ్గించింది. రెండో తరగతి ఉత్తరాలు శనివారం ఉండవు, మిగతా పనిదినాల్లో రోజు విడిచి రోజు. న్యాయంగా చెప్పాలంటే దీనికి కారణం లేకపోలేదు. 2004-05లో ఏడాదికి 2 వేల కోట్ల ఉత్తరాలు నడిచిన దేశంలో 2023-24 నాటికి నడిచినవి సుమారు 670 కోట్లు. పాత పద్ధతిలో నడపలేం అన్న మాటను కొట్టిపారేయలేం. 99 శాతం ఉత్తరాలు రెండు రోజులకు మించి ఆలస్యం కాకూడదన్న అదనపు లక్ష్యం కూడా పెట్టారు, అది మంచిదే. అయినా ఒక విషయం మింగుడుపడటం లేదు. ఏళ్ల తరబడి లక్ష్యం అందుకోని కంపెనీకి చివరికి లక్ష్యమే తగ్గింది. ఉత్తరాలు తగ్గాయి కాబట్టి ప్రత్యేక కావలి అక్కర్లేదు అనేవాళ్లకు నా జవాబు ఇది: ఉత్తరాలు మానేయగలిగినవాళ్లు ఎప్పుడో మానేశారు. మిగిలింది ఆసుపత్రి పిలుపు కోసం, కోర్టు నోటీసు కోసం, భత్యం కాగితం కోసం పోస్టు మీదే ఆధారపడినవాళ్లు. సేవ చిన్నదయ్యేకొద్దీ దాని మీద ఆధారపడినవాళ్ల గొంతు ఇంకా బలహీనం అవుతుంది.

హొరైజన్ దగ్గర ఎవరూ చూడలేదు

పోస్ట్‌వాచ్ బతికి ఉంటే అంతా బాగుండేది అని మాత్రం నేను అనను. దాని కళ్ల ముందే బ్రిటన్ న్యాయ చరిత్రలోనే అతి పెద్ద అన్యాయాల్లో ఒకటి జరిగింది. 1999 నుంచి పోస్టాఫీసుల్లో ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. లెక్కల్లో లేని లోటు చూపించేది. ఆ లోటు మీరే కట్టాలి అని కౌంటర్ నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లను పీడించారు. 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు అంటూ శిక్షలు పడ్డాయి. వాటిలో సుమారు 700 కేసులు పోస్టాఫీసే సొంతంగా వేసింది. బాధితుల్లో దక్షిణాసియా మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో చిన్న దుకాణం, అందులో పోస్టు కౌంటర్ నడిపే మనవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వేల్స్‌లోని లాండడ్నో దగ్గర పోస్టాఫీసు నడిపి 2003లో దాన్ని పోగొట్టుకున్న అలన్ బేట్స్ పట్టువదలకుండా పోరాడి, 2019 డిసెంబర్‌లో హైకోర్టులో గెలిచారు. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలు రద్దు చేసింది.

2001 నుంచి 2008 వరకు ఇదంతా జరుగుతుంటే వినియోగదారుల సంస్థ ఏం చేసింది? చట్టం దానికి అప్పగించింది స్టాంపు కొనేవాళ్లను. కౌంటర్ వెనక కూర్చున్న మనిషి వినియోగదారుడు కాదు, ఉద్యోగీ కాదు, కాంట్రాక్టు మీద పనిచేసే చిన్న వ్యాపారి. అతని పక్షాన చూసే బాధ్యత ఏ చట్టబద్ధ సంస్థకూ లేదు. సబ్ పోస్ట్‌మాస్టర్లకు ఒక సమాఖ్య ఉండేది. అది పోస్టాఫీసు ఇచ్చే డబ్బు మీద ఆధారపడిందని, స్వతంత్రం కాదని కోర్టే వ్యాఖ్యానించింది. ఒక ఊళ్లో సబ్ పోస్ట్‌మాస్టర్‌ను హఠాత్తుగా తీసేస్తే ఆ ఊరి జనానికి కనిపించేది మూసిన కౌంటర్. అది వినియోగదారుల సంస్థ దృష్టికి వచ్చే విషయమే. కౌంటర్ ఎందుకు మూతపడింది, ఇన్ని చోట్ల లెక్కల గొడవతోనే ఎందుకు మూతపడుతున్నాయి అని తరచి అడిగే పని ఎవరికీ అప్పగించలేదు. పరిధి ఇరుకుగా గీస్తే ఎంత మంచి కావలి అయినా గీత అవతల ఏం జరుగుతోందో చూడదు.

ఇక మన దగ్గర

పైన చెప్పిన ఇంగ్లిష్ తీర్పుల సారాన్ని బ్రిటిష్ పాలకులు మన దేశానికీ తెచ్చారు. 1898 నాటి భారత పోస్టాఫీసు చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఉత్తరం పోయినా, తప్పు చోటికి వెళ్లినా, ఆలస్యమైనా, పాడైనా ప్రభుత్వానికి బాధ్యత లేదు. ఉద్యోగి మోసంతోనో కావాలనో చేస్తే తప్ప అతనికీ లేదు. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక జనం జిల్లా ఫోరాలకు వెళ్లారు. ఆ 6వ సెక్షన్ చూపించి కేసులు కొట్టేయించుకోవడం శాఖకు అలవాటైపోయింది. అన్ని చోట్లా తీర్పులు ఒకేలా రాలేదు, కొందరికి పరిహారం దక్కింది కూడా. కానీ ముందు ఆ సెక్షన్‌ను దాటితేనే మిగతా మాట.

మన నెల్లూరు దర్గామిట్ట హెడ్ పోస్టాఫీసు కేసు 1998లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వడ్డీ రేటు తగ్గిన తర్వాత జాతీయ పొదుపు పత్రాలు కొన్న మహిళకు, పొరపాటున పాత రేటు ప్రకారమే రాసిచ్చారు. గడువు తీరాక తగ్గిన రేటే ఇస్తామన్నారు. గుమస్తా పొరపాటు ప్రభుత్వాన్ని కట్టిపడేయదు, నోటిఫికేషన్‌లో ఉన్న రేటే చెల్లుతుంది అని సుప్రీంకోర్టు శాఖ పక్షాన తీర్పు చెప్పింది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితాన్ని నమ్మి డబ్బు దాచుకున్న ఆ మనిషి నష్టానికి జవాబు చెప్పే చోటు మాత్రం లేకుండాపోయింది.

1898 చట్టం పోయింది. 2023 డిసెంబర్‌లో పార్లమెంటు కొత్త పోస్టాఫీసు చట్టం చేసింది, 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 10వ సెక్షన్ చదివితే పాత వాసన తెలుస్తుంది. నిబంధనల్లో రాసినంత మేరకు తప్ప పోస్టాఫీసుకు తన సేవల విషయంలో బాధ్యత ఉండదు. ఆ నిబంధనలు రాసేది ప్రభుత్వమే. స్పీడ్ పోస్టు పోతే కట్టిన చార్జీకి రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది ఇస్తామన్న నిబంధన మన దగ్గర ఏళ్ల తరబడి నడిచింది. పోయింది ఒరిజినల్ సర్టిఫికెట్ అయినా, ఇంటర్వ్యూ కాగితం అయినా లెక్క అదే.

బ్రిటన్‌కూ మనకూ తేడా ఇక్కడుంది. వాళ్లు దావా హక్కు తీసేశారు, 1969లో బదులుగా ఒక మండలినిచ్చారు, తర్వాత దాన్ని పలచబరిచారు. మనం దావా హక్కు తీసేశాం, మండలిని ఎప్పుడూ ఇవ్వలేదు. 1 లక్షా 64 వేలకు పైగా పోస్టాఫీసులు, వాటిలో దాదాపు 90 శాతం పల్లెల్లో. ఇంత పెద్ద వ్యవస్థకు స్వతంత్ర నియంత్రణ సంస్థ లేదు, వినియోగదారుల సంస్థ లేదు. డాక్ అదాలత్ పెడతారు, అందులో ఫిర్యాదు వినేది శాఖ అధికారులే. ఆన్‌లైన్‌లో పెట్టిన ఫిర్యాదు కూడా తిరిగి తిరిగి ఆ శాఖ దగ్గరికే చేరుతుంది.

ఇది మనకు చేతకాని పని కాదు. కరెంటు చార్జీలు పెంచాలంటే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) విద్యుత్ నియంత్రణ మండలి ముందుకు రావాలి. బహిరంగ విచారణలో రైతు సంఘాల వాళ్లు, మామూలు వినియోగదారులు లేచి లెక్కలు అడుగుతారు. మండలి జవాబు చెప్పిస్తుంది. ఫిర్యాదు తీరకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. టెలికాంకు 1997 నుంచి ట్రాయ్ అనే నియంత్రణ సంస్థ ఉంది. పోస్టుకు ఎందుకు ఉండకూడదు? ఆ సంస్థ శాఖ కింద ఉండకూడదు, దాని డబ్బు శాఖ చేతిలో ఉండకూడదు, ఫిర్యాదులు వినే పనీ విధానం గురించి మాట్లాడే పనీ ఒకే చోట ఉండాలి. హొరైజన్ సంగతి తెలిశాక ఇంకోటి కూడా కలుపుతాను: పల్లెల్లో పనిచేసే గ్రామీణ డాక్ సేవకులు కంప్యూటర్ లెక్కల గురించి చెప్పేది వినే బాధ్యత కూడా దానికి ఉండాలి. వాళ్ల చేతుల్లోనూ ఇప్పుడు యంత్రాలు ఉన్నాయి, లోటు వస్తే కట్టాల్సింది వాళ్లే.

2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. అక్టోబర్ 1 నుంచి కొత్త చార్జీలు వచ్చాయి. 50 గ్రాముల లోపు ఉత్తరం ఊరు దాటితే 47 రూపాయలు, రిజిస్ట్రేషన్ కావాలంటే 5 రూపాయలు అదనం, పైన జీఎస్టీ. లీగల్ నోటీసులు పంపేవాళ్లు, బ్యాంకులు, చిట్ కంపెనీలు, పత్రికలకు రచనలు పంపే పల్లెటూరి రచయితలు ఏళ్లుగా నమ్ముకున్న సేవ అది. బ్రిటన్‌లో 1969 చట్టం ప్రకారం ఇలాంటి మార్పు తెచ్చే ముందు వినియోగదారుల మండలికి చెప్పి తీరాల్సి వచ్చేది. ఇక్కడ అలా ముందుగా చెప్పాల్సిన స్వతంత్ర సంస్థ ఏదీ మన చట్టంలో లేదు. 10వ సెక్షన్ కింద నిబంధనలు రాసే అధికారం కేంద్రం చేతిలో ఉంది కాబట్టి, పరిహారం పెంచడానికైతే పార్లమెంటు దాకా కూడా వెళ్లక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల ఎంపీల్లో ఒక్కరైనా ఈ ప్రశ్నను కమ్యూనికేషన్ల మంత్రికి వేయాలి.